గేమింగ్‌కి ఎంత పెట్టాలి, దేని మీద పెట్టాలి: ఫోన్, పీసీ, కన్సోల్ పోలిక

టీవీకి తగిలించి ఆడే పీఎస్5 కన్సోల్ కొనాలా, గేమింగ్ ల్యాప్‌టాప్ కొనాలా అని సలహా అడిగేవాళ్లను నేను ముందు ఒకటే అడుగుతాను: ఇన్నాళ్లూ ఆడిన ఆటల్లో మీకు ఇప్పటికీ గుర్తున్న ఘట్టం ఏది? దానికి వచ్చే జవాబుతోనే ఏం కొనాలో సగం తేలిపోతుంది. నెట్ సెంటర్‌లో నలుగురు స్నేహితులతో కౌంటర్ స్ట్రైక్ ఆడిన సాయంత్రాలు చెప్పేవాళ్లు కొందరు. ఒక్కరే కూర్చుని రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ముగించి, ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెప్పేవాళ్లు ఇంకొందరు. వీళ్లిద్దరికీ కావాల్సిన మెషీన్ వేరు, పెట్టాల్సిన డబ్బు వేరు.

మన దగ్గర ఎక్కువమంది ముందు మెషీన్ కొంటారు. ఈఎంఐ మొదలవుతుంది. దాంట్లో ఏం ఆడాలో ఆ తర్వాత వెతుక్కుంటారు. ఆరు నెలలకు కన్సోల్ మీద దుమ్ము, వాయిదాలు మాత్రం మిగిలే ఉంటాయి. అందుకే నా అభిప్రాయం మొదట్లోనే చెప్పేస్తున్నాను. జీవితాంతం గుర్తుండే ఆటల్లో చాలా వరకు పాతవి, చిన్నవి, చవకవి. ఇంట్లో ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌లోనే నడుస్తాయి. ఖరీదైన మెషీన్ తప్పనిసరి అయ్యే ఆటలు కొన్నే ఉన్నాయి. అవి కావాలంటే కొనండి, తప్పేం లేదు. కానీ పెట్టె ధర చూసి కాకుండా, మూడేళ్లలో మొత్తం ఎంత అవుతుందో చూసి కొనండి.

గుర్తుండిపోవడానికి ఖరీదుతో పని లేదు

2000 చివర్లో వచ్చిన ప్రాజెక్ట్ ఐజీఐ మన నెట్ సెంటర్లలో ఒక తరాన్ని కట్టిపడేసింది. దాంట్లో మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలే లేదు. కంచె దాటి, కెమెరాలు తప్పించుకుని, ఇక అయిపోయింది అనుకున్న చోట ఒక్క గార్డు కంటపడితే సైరన్ మోగుతుంది. చచ్చిపోతే మళ్లీ మొదటి నుంచి. ఆ టెన్షన్ వల్లే ఆ ఆట ఇంకా గుర్తుంది. తర్వాత 2003లో పీసీకి వైస్ సిటీ వచ్చింది. నోటుబుక్కు చివరి పేజీలో చీట్ కోడ్‌లు రాసుకుని, ‘పాంజర్’ అని టైప్ చేస్తే రోడ్డు మీద ట్యాంకు ప్రత్యక్షమయ్యేది. కడుతున్న బిల్డింగులోకి బొమ్మ హెలికాప్టర్‌తో బాంబులు మోసుకెళ్లే మిషన్ ఎన్నిసార్లు పోయినా, వెనక నిలబడ్డ ముగ్గురూ ‘ఇటు ఇటు’ అని అరుస్తూనే ఉండేవాళ్లు. ఆ ఆనందానికి అప్పట్లో గంటకు పదో ఇరవయ్యో రూపాయలు చాలాయి.

ఇవాళ చిన్న ఆటల్లో ఈ బలం ఇంకా ఎక్కువ. ఒక ఉదాహరణ కాస్త వివరంగా చెబుతాను. 2013లో వచ్చిన ‘బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్’ నాలుగు గంటల లోపే అయిపోతుంది. జబ్బుపడ్డ తండ్రికి మందు తేవడానికి అన్నదమ్ములిద్దరు బయలుదేరుతారు. కంట్రోలర్ ఎడమ స్టిక్ అన్నయ్యది, కుడి స్టిక్ తమ్ముడిది. ఒక్కొక్కరికి ఒక్కో బటన్. మొదటి అరగంట చేతులు తడబడతాయి. అన్నను నడపబోతే తమ్ముడు గోడకు కొట్టుకుంటాడు. ఆ తర్వాత మెల్లగా అలవాటవుతుంది. ఎడమ చెయ్యి అన్న అయిపోతుంది, కుడి చెయ్యి తమ్ముడైపోతాడు. తమ్ముడికి నీళ్లంటే భయం, అన్న వీపు పట్టుకుంటే తప్ప ఏరు దాటలేడు. చివరికి వచ్చేసరికి ఒక చోట, కుడి చేతి బటన్ ఎంత నొక్కినా పని జరగదు. అప్పుడు మన ఎడమ చేతి వేలు దానంతట అది ఒక బటన్ మీదికి వెళ్తుంది. ఏమవుతుందో చెప్పను, ఆడి తెలుసుకోండి. ఈ అనుభవం సినిమా ఇవ్వలేదు, నవల ఇవ్వలేదు, ఎందుకంటే ఆ వేలు మనది. పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్ సేల్‌లో ఈ ఆట రెండు మూడు వందల రూపాయల లోపే దొరుకుతుంది. గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్ కూడా సెట్టింగులు తగ్గిస్తే లాగేస్తుంది. వెయ్యి, పదిహేను వందల్లో వచ్చే వైర్డ్ కంట్రోలర్ ఒకటి ఉంటే చాలు.

2012లో ప్లేస్టేషన్ 3కి వచ్చి, తర్వాత పీసీకి వచ్చిన ‘జర్నీ’ కూడా ఇలాంటిదే. రెండు గంటల ఆట. ఇసుక ఎడారిలో నడుస్తుంటే ఇంకెవరో ఆటగాడు కనబడతాడు. పేరు కనబడదు, మాట్లాడే వీలు లేదు, ఒక చిన్న కూత కూయగలం అంతే. ఎవరో ఏ దేశమో తెలియని ఆ మనిషితో మంచు కొండ ఎక్కాక, చివరి తెర మీద మీతో నడిచినవాళ్ల పేర్లు వస్తాయి. అప్పటిదాకా ఒక్క మాట కూడా మాట్లాడని మనిషి పేరు చదువుతున్నప్పుడు కలిగే భావం ఎంత పెద్ద బడ్జెట్ ఆటలోనూ నాకు దొరకలేదు.

ఈ వరసలో చెప్పుకోవలసినవి ఇంకా ఉన్నాయి: ఒక్క మనిషి ఏళ్ల తరబడి కూర్చుని చేసి 2016లో విడుదల చేసిన స్టార్‌డ్యూ వ్యాలీ, 2015లో వచ్చిన అండర్‌టేల్, 2011 నాటి పోర్టల్ 2. వీటికి పెద్ద మెషీన్ అక్కర్లేదు.

మరి పెద్ద మెషీన్ దేనికి? రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో వానలో గుర్రం మీద వెళ్తుంటే బురదలో గిట్టల జాడలు పడతాయి, దూరంగా ఒక ఊరి దీపాలు కనబడతాయి. ఆ ప్రపంచం మీద నమ్మకం కలగడంలోనే దాని గొప్పంతా ఉంది. తక్కువ సెట్టింగుల్లో నత్తనడక నడిస్తే ఆ నమ్మకం పోతుంది. 2018 నాటి గాడ్ ఆఫ్ వార్‌లో విసిరిన గొడ్డలిని బటన్ నొక్కి వెనక్కి పిలిస్తే, అది గాల్లో తిరుగుతూ వచ్చి చేతిలో పడే క్షణాన కంట్రోలర్ అదురుతుంది. ఆ అదురు కోసం మంచి కంట్రోలర్, పెద్ద తెర కావాల్సిందే. ఇలాంటి ఆటలే మీ మనసులో ఉంటే పొదుపు పేరుతో అరకొర మెషీన్ కొనకండి. ఆగి సరైనది కొనండి.

ఫోన్: ఊరికే వచ్చే ఆటల అసలు ఖరీదు

ఫోన్ అందరి చేతిలో ఉంది కాబట్టి గేమింగ్‌కి ఖర్చే లేదనిపిస్తుంది. స్నేహితులతో కలిసి ఆడే సరదా కావాలంటే ఇంతకంటే సులువైన దారి లేదు. 2020 లాక్‌డౌన్‌లో ఊళ్లలో ఎవరింట్లో వాళ్లుండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పబ్‌జీలో చివరి సర్కిల్ దాకా వెళ్లిన జ్ఞాపకం లక్షలమందికి ఉంది. దానికి పైసా పెట్టనవసరం లేదు. పెట్టకుండా ఆడగలిగితే ఇప్పటికీ అదే మంచి బేరం.

చిక్కు ఎక్కడంటే ఆట లోపల డబ్బు పెట్టి కొనే స్కిన్‌లు (పాత్రల వేషాలు, తుపాకుల రంగులు), రాయల్ పాస్‌లు, స్పిన్‌ల దగ్గర. నెలకు ఐదొందలు పెద్దగా అనిపించదు. మూడేళ్లకు అది 18 వేలు. పైగా ఆ డబ్బుతో కొన్నది మన చేతిలో ఉండదు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్‌జీ మొబైల్‌తో కలిపి 118 యాప్‌లను నిషేధించింది. 2021 జులైలో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) పేరుతో తిరిగి వచ్చింది, పాత ఖాతా సరుకు మార్చుకోవడానికి కొంత గడువు ఇచ్చారు. 2022 జులైలో అది కూడా స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో మళ్లీ కనబడింది. ఫ్రీ ఫైర్ 2022 ఫిబ్రవరిలో నిషేధానికి గురైంది. ఇన్ని మలుపులు చూశాక, ఫోన్ ఆటలో స్కిన్ కోసం వేలకు వేలు పెట్టడం నాకు సబబుగా తోచదు.

అదృష్టం మీద నడిచే ఆటల లెక్క ఇంకా గట్టిది. గెన్షిన్ ఇంపాక్ట్ తీసుకోండి. ఆట ఉచితం, ప్రపంచం అందంగా ఉంటుంది, డబ్బు పెట్టకుండా వందల గంటలు ఆడొచ్చు. కానీ ఫలానా పాత్రే కావాలని పట్టుబడితే, లాటరీ చీటీ తీసినట్టు తీస్తూ పోవాలి, అదృష్టం బొత్తిగా కలిసిరానప్పుడు 180 సార్లు తీయాల్సి రావచ్చు. ఒక్కోసారికి ఆటలో చెల్లే 160 రత్నాలు, అంటే మొత్తం 28,800. 99.99 డాలర్ల ప్యాకులో వచ్చేవి 8,080. మొత్తం కొనుక్కోవాలంటే దాదాపు నాలుగు ప్యాకులు, 400 డాలర్లకు దగ్గర. ఒక్క పాత్రకు! ఆడుతూ సంపాదించే రత్నాలు కొంత భారం తగ్గిస్తాయి, నిజమే. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చే తల్లిదండ్రులు మాత్రం యూపీఐ పిన్, కార్డు వివరాలు ఆ ఫోన్లో లేకుండా చూసుకోవాలి. పిల్లవాడికి అది డబ్బులా కనబడదు, రత్నాల్లా కనబడుతుంది.

(డబ్బు పందెం కాసే రమ్మీ లాంటివి ఈ పోలికలోకి రావు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వాటిని నిషేధించింది.)

ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్: అందరూ ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి

ఐదారేళ్ల కిందటి ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఇంతే ఉన్నా వందల మంచి ఆటలు నడుస్తాయి. స్టీమ్‌లో 2015 నుంచి ధరలు రూపాయల్లో ఉన్నాయి, యూపీఐతో కట్టొచ్చు. కొన్న 14 రోజుల లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. మీ ల్యాప్‌టాప్‌లో ఆట నడుస్తుందో లేదో పరీక్షించడానికి ఈ వెసులుబాటు చక్కగా పనికొస్తుంది. జూన్ నెలాఖరులో, డిసెంబరులో వచ్చే పెద్ద సేల్స్‌లో పాత ఆటలు 75, 80 శాతం తగ్గుతాయి. ఎపిక్ గేమ్స్ స్టోర్ వారం వారం ఉచితంగా ఆటలు ఇస్తోంది. 2020 మేలో జీటీఏ 5 కూడా అలా ఇచ్చేశారు.

ఇంత తక్కువకు దొరుకుతున్నప్పుడు క్రాక్ చేసిన ఆటలు దింపుకుని వైరస్ తెచ్చుకోవడం అనవసరం. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో మాత్రం ఇవేవీ ఎక్కించకండి.

ఒక కంట్రోలర్, పది పన్నెండు ఆటలు కలిపి ఏడు వేల లోపు మూడేళ్లు గడిచిపోతాయి. కథలు, పజిళ్లు, చిన్న ఆటలు ఇష్టపడేవాళ్లకు నా సలహా ఎప్పుడూ ఇదే. ఈ దారిలో ఆరు నెలలు ఆడి, ఇంకా పెద్దది కావాలని నిజంగా అనిపిస్తే అప్పుడు పెద్ద మెషీన్ వైపు చూడండి.

గేమింగ్ ల్యాప్‌టాప్, డెస్క్‌టాప్

బీటెక్‌లో చేరే పిల్లలకు గేమింగ్ ల్యాప్‌టాప్ కొనివ్వాలా అన్నది ఇళ్లలో ప్రతి ఏడూ వచ్చే చర్చ. చదువుకు ఎలాగూ ల్యాప్‌టాప్ కావాలి, హాస్టల్లో టీవీ ఉండదు, కాబట్టి ఆ పిల్లలకు కన్సోల్ కంటే ఇదే గిట్టుబాటు. అయితే కొన్ని ఇబ్బందులు తెలిసే కొనాలి. ఆట ఆడుతుంటే బ్యాటరీ గంట, గంటన్నర మించి రాదు, ఛార్జర్ పెట్టే ఆడాలి. బరువు. అన్నిటికంటే ముఖ్యం వేడి. మే నెలలో రామగుండంలోనో బెజవాడలోనో ఏసీ లేని గదిలో పెద్ద ఆట పెడితే ఫ్యాన్ గోల మొదలవుతుంది, కాసేపటికి వేడి తట్టుకోలేక ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, ఆట తునకలు తునకలుగా నడుస్తుంది. పరుపు మీద పెట్టుకుని ఆడటం మానేసి, వెనక భాగం కాస్త ఎత్తులో ఉంచి, ఏడాదికోసారి లోపల దుమ్ము తీయిస్తే చాలా తేడా వస్తుంది. ఇంకో మాట, గ్రాఫిక్స్ కార్డు పేరు ఒకటే అయినా ల్యాప్‌టాప్‌లో ఉండేది డెస్క్‌టాప్ కార్డు కంటే నెమ్మది. పేరు చూసి మోసపోవద్దు.

ఒకే చోట ఉండేవాళ్లకు డెస్క్‌టాప్ మేలు. సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్‌లో నాలుగు షాపుల్లో కొటేషన్ తీసుకుంటే ధరలో తేడా మీకే తెలుస్తుంది. డబ్బు తక్కువుంటే రైజెన్ 5 5600జీ లాంటి, లోపలే గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్‌తో మొదలుపెట్టండి. జీటీఏ 5 వంటివి దాంతోనే ఆడొచ్చు. కార్డు తర్వాత ఏడాది పెట్టించుకోవచ్చు. ఇలా విడతలుగా కొనుక్కునే సౌకర్యం కన్సోల్‌కి లేదు. కాకపోతే 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు ఒక్కసారిగా పెరిగాయి. పాత యూట్యూబ్ వీడియోల్లో చెప్పిన బడ్జెట్‌తో షాపుకి వెళ్తే నిరాశపడతారు, ఆ వారం ధర కనుక్కుని వెళ్లండి. కరెంటు పోయే ఊళ్లలో యూపీఎస్ ఖర్చు కూడా ఇందులో కలపాలి.

పీసీకి ఉన్న పెద్ద లాభం ఒకటుంది. ఆన్‌లైన్‌లో ఆడటానికి విడిగా చందా లేదు. ఇరవై ఏళ్ల కిందటి ఆట దగ్గర్నుంచి నిన్న వచ్చిన ఆట దాకా ఒకే పెట్టెలో ఆడొచ్చు.

కన్సోల్: డిస్క్ ఉందా లేదా అన్నదే అసలు సంగతి

కన్సోల్ సుఖం వేరు. బటన్ నొక్కితే టీవీలో ఆట వస్తుంది. డ్రైవర్లు, సెట్టింగులు, వేడి గొడవలు ఉండవు. ఆఫీసు నుంచి వచ్చి గంటసేపు ఆడుకునే ఉద్యోగికి ఆ సుఖం విలువైనదే. కరెంటు భయం కూడా అక్కర్లేదు. పీఎస్5 ఆటలో సుమారు 200 వాట్లు తీసుకుంటుంది, అంటే ఐదు గంటలకు ఒక యూనిట్.

పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న డిస్క్ రకం 49,990కి, డిజిటల్ రకం (డిస్క్ పెట్టే చోటు లేనిది, ఆటలు నెట్‌లో కొని దింపుకోవాలి) 39,990కి వచ్చింది. 2024 ఏప్రిల్లో స్లిమ్ వచ్చేసరికి అవి 54,990, 44,990. ఆగితే ధర తగ్గుతుందన్న పాత లెక్క ఈ తరం కన్సోళ్లకు పనిచేయలేదు. పండుగ సేల్స్‌లో కొన్ని వేలు తగ్గినప్పుడు తీసుకోవడం ఒక్కటే మార్గం.

డిజిటల్ రకం కొన్ని వేలు తక్కువ కదా అని చాలామంది దానివైపు మొగ్గుతారు. ఇక్కడ కాస్త ఆగి లెక్క వేయండి. సోనీ సొంత కొత్త ఆట ఒకటి 4,999 దాకా ఉంటుంది. మూడు నెలలకొకటి చొప్పున మూడేళ్లలో పన్నెండు ఆటలు కొంటే దాదాపు 60 వేలు. కన్సోల్ కంటే ఎక్కువ! డిజిటల్‌లో కొన్న ఆటను మళ్లీ అమ్మలేరు, ఎవరికీ ఇవ్వలేరు. అదే డిస్క్ అయితే, ఆట వచ్చిన కొన్ని నెలలకు సెకండ్ హ్యాండ్‌లో రెండు, రెండున్నర వేలకు కొని, పూర్తి చేసి ఐదారు వందలు తక్కువకు అమ్మేయొచ్చు. అలా పన్నెండు ఆటలకు పోయేది ఆరేడు వేలే. డిజిటల్ రకం కొని మొదట మిగిల్చింది రెండు మూడు ఆటలకే ఖర్చయిపోతుంది. కథ పూర్తి చేసి పక్కన పెట్టే అలవాటున్నవాళ్లు డిస్క్ రకమే తీసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. ఏడాదంతా ఒకే ఫుట్‌బాల్ ఆటో, ఫోర్ట్‌నైటో ఆడేవాళ్లకు డిజిటల్ సరిపోతుంది.

ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ 2020 నవంబరులో 34,990కి వచ్చింది. చిన్నది, చప్పుడు లేనిది. కానీ దాంట్లో డిస్క్ పెట్టే చోటే లేదు, కాబట్టి ఆటలు డిజిటల్‌గా కొనాలి, లేదా నెల చందాకు చాలా ఆటలు ఆడనిచ్చే గేమ్ పాస్ మీద ఆధారపడాలి. కొన్నాళ్లు అది మంచి బేరంగానే నడిచింది. 2025 అక్టోబరులో అల్టిమేట్ అనే దాని పై స్థాయి చందాను అమెరికాలో నెలకు 19.99 డాలర్ల నుంచి 29.99కి పెంచారు, మన దగ్గరా పెంచారు. చందా అన్నాక ధర వాళ్ల చేతిలో ఉంటుంది. మీకు సెలవులున్న నెలలో కట్టి, మనసులో ఉన్న రెండు మూడు ఆటలు పూర్తి చేసి ఆపేస్తే లాభం. ఆపడం మర్చిపోతే తడిసి మోపెడవుతుంది. ఆటోమేటిక్‌గా డబ్బు కట్ అయ్యే ఏర్పాటును చందా కట్టిన రోజే ఆపేయండి.

ప్లేస్టేషన్‌లోనూ డబ్బు పెట్టి కొన్న ఆటను ఆన్‌లైన్‌లో స్నేహితులతో ఆడాలంటే పీఎస్ ప్లస్ అనే చందా కట్టాలి. ఉచిత ఆటలకు అక్కర్లేదు. ఈ ఖర్చు షాపులో ఎవరూ చెప్పరు.

నింటెండో స్విచ్ సంగతి ప్రత్యేకం. నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మడం లేదు. బయటి నుంచి దిగుమతి చేసినవే షాపుల్లో ఉంటాయి, లేదా అమెరికా నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకుంటారు. ఛార్జర్ మన 230 వోల్టులకు పనిచేస్తుంది, ఆటల కార్డులు చాలావరకు ఏ దేశానివైనా ఆడతాయి, వారంటీ మాత్రం ఇక్కడ దొరకదు. నింటెండో సొంత ఆటలు ఏళ్లు గడిచినా పెద్దగా తగ్గవు. ఇన్ని ఉన్నా ఎవరికి సలహా ఇస్తానంటే, ఇంట్లో ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలుండి, వాళ్లతో కలిసి పెద్దవాళ్లూ ఆడాలనుకునే ఇంటికి. మారియో కార్ట్‌లో నాయనమ్మను కూడా కూర్చోబెట్టొచ్చు. 2017లో వచ్చిన జెల్డా ఆటలో గుహలోంచి బయటికి పరుగెత్తి, కొండ అంచున నిలబడి, కనబడుతున్న ప్రతి శిఖరానికీ వెళ్లొచ్చని గ్రహించే క్షణం పిల్లలకు చాలాకాలం గుర్తుంటుంది.

దంపతులకు, అక్కాచెల్లెళ్లకు, అన్నదమ్ములకు ఇంకో దారి: 2021లో వచ్చిన ‘ఇట్ టేక్స్ టూ’. ఒక్కరు ఆడే వీలే లేని ఆట. ఒక్క కాపీ కొంటే ఇద్దరూ ఆడొచ్చు, వేరే ఊళ్లో ఉన్నా సరే. పీఎస్4లోనూ నడుస్తుంది.

సెకండ్ హ్యాండ్ పీఎస్4 ఇంకా పనికొస్తుందా?

పనికొస్తుంది. టీవీ ఉండి, పదిహేను వేలు అటూ ఇటూగా బడ్జెట్ ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచిది నాకు కనబడలేదు. రెడ్ డెడ్ 2, గాడ్ ఆఫ్ వార్, లాస్ట్ ఆఫ్ అస్ ఇవన్నీ దాంట్లోనే పుట్టి పెరిగినవి లేదా దాంట్లో చక్కగా ఆడేవి. డిస్కులు వెయ్యి లోపే దొరుకుతాయి. కొత్త ఆటలు ఇక దానికి పెద్దగా రావు, అది ఒప్పుకునే కొనాలి.

కొనేటప్పుడు తొందరపడకండి. కంట్రోలర్ స్టిక్ వదిలేసి చూడండి, పాత్ర దానంతట అది నడుస్తుంటే స్టిక్ పోయినట్టే. డిస్క్ పెట్టి తీసి రెండుసార్లు చూడండి. ఏదైనా పెద్ద ఆట అరగంట నడిపించి ఫ్యాన్ చప్పుడు వినండి. అమ్మేవాళ్ల ఖాతా తీయించి, మెషీన్ రీసెట్ చేయించి, మీ ఖాతాతో నెట్‌లోకి వెళ్లగలుగుతున్నారో లేదో అక్కడే చూసుకోండి. బిల్లుంటే అడగండి. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించుకుంటే లోడింగ్ సమయం బాగా తగ్గుతుంది, అది ఎవరైనా ఇంట్లోనే మార్చుకోగలిగేంత సులువు.

నాలుగైదు వందలకే పెద్ద ఆటల ‘డిజిటల్ ఖాతా’ ఇస్తామనే ప్రకటనలు కనబడతాయి. ఒకే ఖాతాను పదిమందికి పంచుతారు. ఏదో ఒక రోజు అది లాక్ అవుతుంది, అమ్మినవాడు ఫోన్ ఎత్తడు. వాటి జోలికి పోవద్దు.

లెక్కలో మర్చిపోయే రెండు ఖర్చులు

మొదటిది డౌన్‌లోడ్. రెడ్ డెడ్ 2 పీసీలో 150 జీబీ అడుగుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే మొబైల్ ప్లాన్‌తో అది వంద రోజుల డేటా. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేకపోతే ఆ నెల చందా కూడా గేమింగ్ ఖర్చే. డిస్క్ కొన్నా అప్‌డేట్లు తప్పవు.

రెండోది, కొన్నది ఎన్నాళ్లు మనదిగా ఉంటుందన్నది. యూబీసాఫ్ట్ వారి ‘ది క్రూ’ అనే కారు రేసు ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపేశారు. డబ్బు పెట్టి కొన్నవాళ్లు, డిస్క్ ఉన్నవాళ్లు కూడా ఇక ఆడలేరు. నెట్ ద్వారానే ఆటలు ఆడించే గూగుల్ వారి స్టేడియా క్లౌడ్ సర్వీసు 2023 జనవరిలో మూతపడింది, అయితే వాళ్లు డబ్బు తిరిగిచ్చారు. ఎప్పుడూ నెట్ ఉండాల్సిన ఆటకు పూర్తి ధర పెట్టేముందు ఈ సంగతి ఆలోచించండి. జీఓజీ అనే స్టోర్‌లో కొన్న ఆటలను ఇన్‌స్టాలర్‌తో సహా మన హార్డ్ డిస్క్‌లో దాచుకోవచ్చు. ఐదేళ్ల తర్వాత మళ్లీ ఆడాలనిపించే పాత ఆటలను నేను అక్కడే కొంటాను.

జీటీఏ 6 కోసం కొంటున్నవాళ్లకు

ఈ మధ్య కన్సోల్ గురించి అడిగేవాళ్లలో సగంమంది దీని కోసమే అడుగుతున్నారు. ఆ ఆట చేస్తున్న రాక్‌స్టార్ కంపెనీ ప్రకటించిన విడుదల తేదీ 2026 నవంబరు 19, పీఎస్5కీ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లకీ మాత్రమే. పీసీకి ఎప్పుడన్నది చెప్పలేదు. జీటీఏ 5 కన్సోళ్లకు 2013లో వస్తే పీసీకి 2015లో వచ్చింది, రెడ్ డెడ్ 2కి ఏడాది పట్టింది. కాబట్టి పీసీ ఉన్నవాళ్లు ఆగగలిగితే ఆగడమే మేలు. ఆగలేమనుకునేవాళ్లు మిగతా ఆటల మీద కూడా ఆసక్తి ఉంటేనే ఇప్పుడు కన్సోల్ తీసుకోండి. కేవలం ఆ ఒక్క ఆట కోసమే అయితే డబ్బు విడిగా దాచుకుంటూ ఉండండి. ఆ తేదీ ఇప్పటికే ఒకటికి రెండుసార్లు వెనక్కి వెళ్లింది. ఆట నిజంగా బయటికి వచ్చి, సిరీస్ ఎస్ లాంటి చిన్న మెషీన్‌లో ఎలా నడుస్తోందో ఆడినవాళ్ల వీడియోలు చూశాక, ఆ వారమే కొన్నా మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు.